అరుణపేటకి ఒక్కటే ముక్కు

శనివారం

ముప్ఫై ఒకటో గడప నుంచి పేరిందేవి మాట్లాడుతున్నాను. వింటున్నావా గోడా? వినక చస్తావా, నీకు వేరే పనేముంది!

రోజూ సాయంత్రం ఇంటి సంగతులు గోడకి చెప్పుకోవాలని వేడి ఆఫీసు వాళ్ళ రూలు. ఇంట్లో వేడి సరిపోయిందా, నీళ్ళొచ్చాయా, పొగగంట మోగిందా, అంతే చెప్పమంటారు. అంతే చెప్పి ఊరుకునే మనిషిని కాదు నేనని అరుణపేటలో అందరికీ తెలుసు. వేడి సరిపోయింది. నీళ్ళొచ్చాయి. గంట మోగలేదు. ఇక అసలు సంగతికొస్తాను.

మా అబ్బాయి గౌరీపతి మంచుగనిలో డ్యూటీకి వెళ్ళాడు. ఎర్రదుమ్ము లేచే గాలికాలం వెళ్ళాక గానీ తిరిగి రాడు. ఇంట్లో ఉన్నది నేనూ, పెళ్ళై నెల తిరగని నా కోడలు నీలవేణీ. ఈ పిల్లది త్రిశంకు స్టేషన్. మన నెత్తిమీద రోజుకి రెండుసార్లు చుక్కలా పోతుందే, అక్కడే పుట్టి అక్కడే పెరిగింది. చురుకైన పిల్లే. కాకపోతే ప్రతిదానికీ ఆగి ఆలోచిస్తుంది. నాకేమో అన్నీ చిటికెలో అయిపోవాలి.

ఇవాళ పొద్దున్న బాయిలర్‌కి పసుపు రాస్తుంటే వచ్చి నా వెనకాల నిలబడింది. "అత్తయ్యా, ఇక్కడ మాడు వాసన వస్తోంది," అంది.

నాకు నవ్వాగలేదు. వాసనట, వాసన! అరుణపేటలో పుట్టిన పిల్లలకి బారసాల రోజునే ముక్కులో జల్లెడ వేయిస్తాం. ముందు జల్లెడ, తర్వాతే ఉయ్యాల, ఆ తర్వాతే పేరు. జల్లెడ లేకపోతే బయటి ఎర్రదుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి కూర్చుంటుంది. జల్లెడ వేస్తే దుమ్ముతో పాటు వాసనా లోపలికి రాదు, మళ్ళీ తీసేదీ ఉండదు. నాకు అరవై దగ్గర పడుతున్నాయి, వాసనంటే ఏమిటో ఇప్పటికీ తెలీదు. ముక్కు మీద కోపం మాత్రం ఉంది. నా ముక్కుకి ఉన్న పని అదొక్కటే.

పెద్దయ్యాక వచ్చినవాళ్ళు మొదటి గాలికాలం మొదలయ్యేలోపు వేయించుకోవాలని రూలు. నీలకి గురువారం నాటికి డాక్టర్ రెహానా దగ్గర రోజు పెట్టించాను. అప్పటినుంచీ ఈ పిల్ల "ఇంకొన్నాళ్ళు ఆగుదామా అత్తయ్యా" అని నసుగుతోంది. ఓహో, ఇప్పుడు వాసన పేరు చెప్పి తప్పించుకుంటావా అనుకున్నాను.

మా ఆయనా ఇంతే. ఇరవై ఏళ్ళప్పుడు భూమ్మీంచి వచ్చాడు, అప్పట్లో ఈ రూలు లేదు. కాఫీ వాసన వదులుకోలేను, ఈ ఒక్క కాలం పోనీ అన్నాడు. తర్వాత ఇంకొక్కటి అన్నాడు. చివరికి వేయించుకున్నాడు గానీ అప్పటికే లోపలికి పోవాల్సింది పోయింది. గౌరీపతికి పదేళ్ళైనా నిండకుండా దగ్గి దగ్గి పోయాడు. అందుకే ఈ ఒక్క విషయంలో నా దగ్గర ఎవరి బతిమాలుడూ సాగదు.

"గురువారం నాటికి వాసనా ఉండదు, గొడవా ఉండదులే," అన్నాను. పిల్ల బాయిలర్ వంకే చూస్తూ నిలబడింది.

ఆదివారం

వేడి సరిపోయింది, నీళ్ళొచ్చాయి, గంట మోగలేదు.

మా మరిది కామేశాన్ని పిలిచాను. వేడి ఆఫీసుకి వాడే పెద్ద. అన్నతో పాటు చిన్నప్పుడే వచ్చాడు, పిల్లవాడు కాబట్టి దిగిన రోజునే జల్లెడ వేసేశారు. మొత్తం నలభై ఇళ్ళ బాయిలర్లూ వాడి చేతిమీదుగానే నడుస్తాయి. కరెంటుతో నీళ్ళు కాగుతాయి, ఆ నీళ్ళు గోడల్లో గొట్టాల గుండా తిరుగుతాయి, ఇంట్లో మనుషులు బతుకుతారు. అదాగిందంటే మర్నాటికి గోడలోని నీళ్ళు గడ్డకట్టి గోడ పగులుతుంది. అందుకే ఆఫీసు వాళ్ళ అనుమతి లేకుండా బాయిలర్ ఆపడానికి ఎవరికీ అధికారం లేదు.

కామేశం వచ్చాడు, వేడి చూపే ముల్లు చూశాడు, పొగగంట నొక్కి మోగించి చూశాడు. "బ్రహ్మాండంగా ఉంది వదినా. చలి పెరిగింది కదా, వేడి పెంచాం. కడ్డీ మీద పేరుకున్న దుమ్ము కాలుతుంటుంది. ఒకరోజులో పోతుంది," అన్నాడు.

నీల తల వంచుకుని విని, "అదీ అయ్యుండొచ్చు చిన్నమామయ్యగారూ. రేపటికి పోతే నేనే ఒప్పుకుంటాను. పోకపోతే మళ్ళీ వస్తారా?" అంది.

"గంట మోగితే వస్తానమ్మా. గంట మోగకుండా ఫిర్యాదు తీసుకోవడానికి మా దగ్గర పద్ధతే లేదు," అని నవ్వి, నేనిచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళాక మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు అడిగాను, "అసలు ఆ మాడు వాసన ఎలా ఉంటుందే?" అని. ఏదో వెటకారానికే అడిగాను. ఆ పిల్ల మాత్రం నిజంగానే ఆలోచనలో పడింది. పుట్టుకతో వాసన తెలియని మనిషికి ఎలా చెప్పాలా అని కళ్ళు మూసుకుని కూర్చుంది.

"చేదు తిన్నప్పుడు మీ నాలిక ముడుచుకుంటుంది కదత్తయ్యా? అలా ముక్కు లోపల ముడుచుకుంటుంది. గొంతులో సన్నగా గీరుతుంది. ఇంకా... మీరు పడుకుని ఉంటే ఎవరో భుజం తట్టి, ఒక్కసారి లేచి చూడండి, లేచి చూడండి అంటున్నట్టు ఉంటుంది," అంది.

ఇన్నేళ్ళలో మా ఆయన కూడా నాకంత విడమరిచి చెప్పలేదు. వాసన సంగతి అడిగితే, నీకు చెప్పినా తెలీదులే అనేవాడు.

త్రిశంకులో ముక్కు కాపలా అని ఒక డ్యూటీ ఉందట. గంటలూ మీటర్లూ ఉన్నా సరే, పూటకొకరు స్టేషనంతా వాసన చూసుకుంటూ తిరగాలట. పొగ రావడానికి ఎంతో ముందే వాసన వస్తుందట. నీల పదమూడేళ్ళకే ఆ డ్యూటీ ఎక్కిందట. "ఒకసారి చేసి చూపించవే," అన్నాను. చూద్దాం ఈ తమాషా ఏమిటో అని.

ముందు ఇంట్లో గాలిపంకాలన్నీ ఆపేసింది. కాసేపు కదలకుండా కూర్చుంది. తర్వాత నోరు మూసుకుని, కళ్ళు మూసుకుని, గోడ పట్టుకుని నడుస్తూ చిన్న చిన్న ఊపిర్లు పీల్చింది. నాలుగు పీల్చాక మోచేతి మడతలో ముక్కు పెట్టుకుని ఆగింది. అదేమిటే అంటే, "ముక్కు అలిసిపోతుందత్తయ్యా. మన ఒంటి వాసన చూసుకుంటే మళ్ళీ తేరుకుంటుంది," అంది. అలా నా పెట్టె దగ్గరా, నీళ్ళ తొట్టి దగ్గరా, పక్క దగ్గరా ఆగి ఆగి, చివరికి బాయిలర్ దగ్గరికొచ్చి ఠక్కున నిలబడిపోయింది. కళ్ళు మూసుకునే ఉంది, చెయ్యి మాత్రం తిన్నగా ఒక్కచోటికే చూపిస్తోంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అది తమాషా కాదు, విద్య.

సోమవారం

వేడి సరిపోయింది. సాయంత్రం నుంచి లేదు. ఎందుకు లేదో చెప్తాను, ఆఫీసులో ఎవరు విన్నా సరే.

తెల్లవారి లేచేసరికి నీల బాయిలర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. వాసన పోలేదంది. దుమ్మైతే ఈపాటికి కాలిపోవాలి కాబట్టి దుమ్ము కాదు. నీళ్ళు తిప్పే మోటారు ఒక్క నిమిషం ఆపింది. వాసన అలాగే ఉంది, కాబట్టి మోటారూ కాదు. పైన గానీ వెనకాల గానీ గుడ్డపేలిక ఏదైనా పడిందేమోనని దీపం పెట్టి వెతికింది, లేదు. తర్వాత అక్కడే కూర్చుని కనిపెట్టింది. బాయిలర్ వేడి పుంజుకుంటున్నప్పుడల్లా వాసన వస్తోంది, నెమ్మదించగానే తగ్గుతోంది. అదీ తూర్పు పక్క నుంచే. అక్కడే కరెంటు వైరు లోపలికి వెళ్ళే కన్నం ఉంది.

"ఇందులో రెండు వాసనలున్నాయత్తయ్యా. ఒకటి వైరు పైన తొడుగుది, నాకు బాగా తెలుసు. రెండోది తియ్యగా ఉంది. తిండి మాడినట్టుంది," అంది.

కామేశానికి ఆ మాటే ఫోన్‌లో చెప్పాను. అవతల పడీ పడీ నవ్వాడు. "బాయిలర్‌కి తిండెవరు పెట్టారు వదినా? గాలికాలం ముంచుకొస్తోంది, నాకు తల గోక్కోడానికి తీరిక లేదు. కొత్త ఊరు, మొగుడు దగ్గర లేడు, పిల్ల బెంగపెట్టుకుంది. దగ్గర కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు చెప్పు," అన్నాడు. బాయిలర్ ఆపడానికి అనుమతి అడిగితే ససేమిరా అన్నాడు.

ఫోన్ పెట్టేసి వచ్చి పిల్లని గట్టిగానే అడిగాను. "నిజం చెప్పు నీలా. ఇదంతా గురువారం తప్పించుకోడానికేనా?"

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. గొంతు మాత్రం వణకలేదు. "గురువారం నేను వెళ్తానత్తయ్యా. నా ముక్కు పోతుందంటే నాకు ఏడుపే వస్తోంది, ఎందుకు దాచాలి? కానీ వెళ్తాను. గురువారం దాటితే ఈ ఇంట్లో, ఈ ఊళ్ళో, దీన్ని పట్టుకోగలిగినవాళ్ళు ఎవరూ ఉండరు. అందుకే ఈ తొందర. తప్పించుకోవాలనుకుంటే ఇంకా రోజులు కావాలంటాను గానీ, ఇవాళే విప్పి చూడమని ఎందుకు ప్రాణం తీస్తాను చెప్పండి?"

చెంప ఛెళ్ళుమన్నట్టైంది. అది అబద్ధమాడే మొహం కాదు. ఆ క్షణం నుంచీ నాకు ఇంకో ఆలోచన రాలేదు.

"మీట నొక్కు. నేనే ఆపించానని చెప్తాను," అన్నాను. గోడా, రాసుకో. బాయిలర్ ఆపింది ఇంటి పెద్ద పేరిందేవి. జరిమానా వేస్తే వేసుకోండి.

మంగళవారం

ఇవాళ ఊరికి సెలవు. మన మంగళగ్రహం రోజు కదా. మా ఇంట్లో మాత్రం సెలవు లేదు, వేడీ లేదు.

రాత్రంతా ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని అత్తాకోడళ్ళం ఒకే పక్కలో ముడుచుకున్నాం. తెల్లవారేసరికి బాయిలర్ చల్లారింది. వేడి పడిపోయిందని ఆఫీసులో తెలిసి కామేశం కళ్ళల్లోంచి నిప్పులు కురిపిస్తూ వచ్చాడు. "బుద్ధుందా వదినా! సాయంత్రానికల్లా గోడలు బద్దలైతే ఎవరిది పూచీ?" అని గుమ్మంలోనే మొదలెట్టాడు.

"వచ్చావుగా, ఆ మూత విప్పు. ఏమీ లేకపోతే నన్ను ఊరంతా తిట్టించు," అన్నాను.

మరలు తీసి తూర్పు పక్క రేకు లాగాడు. వైరు వెళ్ళే కన్నం చుట్టూ, బాయిలర్ కింది అంచుదాకా, నల్లగా బొగ్గులాంటి చెక్కు కట్టింది. గోరుతో గీరితే పెళుసుగా రాలుతోంది. దాని కింద వైరు తొడుగు కరిగి, మాడి, ఒకచోట రాగి తీగె ధగధగా కనిపిస్తోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిచి ఉంటే రాజుకునేదని కామేశమే అన్నాడు. మూసిపెట్టిన ఇల్లు మాది, ఒకటే తలుపు.

నీల ఆ చెక్కు తీసి వాసన చూసింది. "పాలు. బెల్లం కూడా ఉంది," అంది.

అప్పుడు వెలిగింది నాకు. ఈ పిల్ల ఇంట్లో కాలు పెట్టిన రోజున పాలు పొంగించింది నేనే కదా! అరుణపేటలో ఇళ్ళల్లో పొయ్యిలుండవు. అన్నం, కాఫీ అన్నీ ఊరుమ్మడి పెద్దవంటింటి నుంచే వస్తాయి. ఇంట్లో వేడిగా ఉండేది బాయిలర్ నెత్తి ఒక్కటే. పెళ్ళికీ, గృహప్రవేశానికీ, పిల్ల పుట్టినా, అందరం గిన్నె దానిమీదే పెడతాం. బెల్లం ముక్క వేస్తాం. పాలు తూర్పుకి పొంగితే శుభమని గిన్నెని తూర్పుకి కాస్త వంచి మరీ పెడతాం. పొంగితే చప్పట్లు కొట్టి, పైపైన తుడిచి, పసుపు రాసేస్తాం. ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకటే వాటం, అన్ని బాయిలర్లకీ వైరు కన్నం తూర్పునే. ఎన్ని పెళ్ళిళ్ళ పాలు, ఎన్ని బారసాలల పాలు ఆ కన్నంలోకి కారి మాడుతున్నాయో, వాసన తెలిస్తే కదా!

కామేశం తల పట్టుకున్నాడు. "ఇన్నేళ్ళుగా వైర్లు మారుస్తూనే ఉన్నాను. దుమ్ము తినేసిందని రాసుకుంటూ వచ్చాను," అన్నాడు. తర్వాత నీల వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "తిండెవరు పెట్టారని నవ్వాను కదమ్మా. మేమే పెట్టాం."

"అయ్యో, అవేం దణ్ణాలు చిన్నమామయ్యగారూ! ముందు గోడ చూడండి, నీళ్ళు గడ్డకట్టేస్తాయి," అంది ఆ పిల్ల. వాడు చేతులు దించుకుని పనిలో పడ్డాడు. మధ్యాహ్నానికి కొత్త వైరు వేసి, కన్నానికి రేకు బిగించి, బాయిలర్ మొదలెట్టాడు. వేడి సరిపోయింది.

బుధవారం

ఇవాళ ఈ ఇంట్లో జరిగిన రభస గోడకి వేరే చెప్పాలా, పక్కింటి గోడకి కూడా వినబడే ఉంటుంది.

కామేశం, డాక్టర్ రెహానా కలిసి వచ్చారు. మిగతా ముప్ఫై తొమ్మిదిళ్ళ సంగతేమిటన్నది మాట. సోమవారానికి గాలికాలం. గాలి లేచాక చలి రెట్టింపవుతుంది, ఏ ఇంట్లోనూ బాయిలర్ ఆపడం కుదరదు. ఆపితే నీళ్ళన్నీ తోడేసి, ఇల్లు మూసేసి, మనుషుల్ని ఇంకోచోట సర్దాలి. ఈలోపు కామేశం మనుషులు మహా అయితే పదిళ్ళు విప్పగలరు. ఏ పదిళ్ళన్నది ముక్కు చెప్పాలి.

అంతవరకు నాకూ అభ్యంతరం లేదు. తర్వాత వాడన్న మాటకే నాకు ఒళ్ళు మండింది. "గాలికాలంలో బాయిలర్లు పూర్తి వేడి మీద నడుస్తాయి వదినా. ఏ ఇంట్లో ఏమవుతుందో తెలీదు. ఈ ఒక్క కాలం అమ్మాయి జల్లెడ వేయించుకోకుండా ఉంటే..."

"ఈ ఒక్క కాలమా?" అని లేచాను. "ఆ మాట ఎవరన్నారో గుర్తుందా నీకు? మీ అన్నయ్య అన్నాడు. ఇదే ఇంట్లో, ఇక్కడే కూర్చుని అన్నాడు. ఆయన దగ్గుతుంటే వీపు నిమిరింది నేను. నువ్వూ చూశావు. నలభై ఇళ్ళకి కాపలా పెట్టడానికి నా కోడలే దొరికిందా? నా ఇల్లు తగలబడితే తగలబడనీ, పిల్లని మాత్రం ఇవ్వను!"

కామేశం మొహం పాలిపోయింది. "అన్నయ్యని మర్చిపోయి అనలేదు వదినా. ఆ ఇళ్ళల్లో పిల్లలున్నారు," అన్నాడు. వాడి బాధ వాడిది. రెహానా తల దించుకుని, "పేరిందేవిగారు చెప్పిందే నిజం. గాలి లేచాక జల్లెడ లేకుండా ఒక్కరోజు ఉన్నా నేను ఒప్పుకోను," అంది.

అప్పుడు నీల మా ముగ్గురి మధ్యకొచ్చి నిలబడింది. "నన్ను ఎవరూ అడగరేం?" అంది.

ముగ్గురం ఆ పిల్ల వైపు తిరిగాం.

"గాలికాలమంతా ఉండను చిన్నమామయ్యగారూ. నాకూ బతకాలనుంది. ఆయన గని నుంచి వచ్చేసరికి దగ్గుతూ కనబడాలని లేదు," అని కామేశంతో అంటూనే నావైపు చూసింది. "కానీ రేపే వేయించుకోనత్తయ్యా. ఆదివారం దాకా గాలి లేవదు. ఈ నాలుగు రోజుల్లో అన్ని గడపలూ ఎక్కి చూస్తాను. ఏవి విప్పాలో చెప్తాను. ఆదివారం సాయంత్రం డాక్టరమ్మ ముందు కూర్చుంటాను. ఒట్టు."

ఈ పిల్లకి పాతికేళ్ళు లేవు. పెద్దవాళ్ళం ముగ్గురం అరుచుకున్నదాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేసింది. "నేనూ నీతో వస్తాను," అన్నాను.

శుక్రవారం

వేడి, నీళ్ళు, గంట అన్నీ బాగానే ఉన్నాయి. నా కాళ్ళే బాగా లేవు.

రెండు రోజులుగా ఇళ్ళని కలిపే సొరంగసందుల్లో పడి తిరుగుతున్నాం. గడపకొచ్చి నేను తలుపు కొడతాను, మా కోడలు అంటాను. ఆ మాట అనేటప్పుడు ఎంత గర్వంగా ఉంటోందో, సిగ్గు లేకుండా చెప్తున్నాను. ఆ పిల్ల లోపలికెళ్ళి పంకాలు ఆపించి, చిన్న ఊపిర్లు పీలుస్తూ తిరిగి, మోచేతిలో ముక్కు పెట్టుకుని, మళ్ళీ తిరిగి, "ఇది బాగుంది" అనో, "ఇది విప్పాలి" అనో చెప్తుంది. విప్పమన్న ప్రతిచోటా నల్లటి చెక్కు కనబడింది. కామేశం ఇప్పుడు ఆ పిల్ల మాటకి ఎదురు చెప్పడం మానేశాడు.

ఊరికి ఇదో పండగైపోయింది. మా ఇల్లు ఎలాంటి వాసనమ్మా అని అందరూ అడిగేవాళ్ళే. ఎవరినీ చిన్నబుచ్చదు. ఒకామెతో "మీ ఇల్లు ఉతికిన బట్టల వాసన" అంది. ఒక పెద్దాయనతో "మీ గదిలో తడి ఇనుము వాసన తాతగారూ, మీరు గనిలో చేసేవారా?" అంది. ఆయన గనిలో చేసి మానేసి చాలా ఏళ్ళైంది. నోరెళ్ళబెట్టాడు. బయటికొచ్చాక నేనడిగాను, "మరి మన ఇల్లో?"

"మొదటిరోజు చాలా ఘాటుగా అనిపించింది. పసుపు, కాఫీ, మీరు రాసుకునే మందు. ఇప్పుడు తెలియట్లేదత్తయ్యా. అలవాటైన ఇంటి వాసన మనకి తెలీదు," అంది. అంటే ఇది తన ఇల్లైపోయిందన్నమాట. ముందుకి నడువు, ఇంకా బోలెడు గడపలున్నాయి అని కసిరాను.

ఆదివారం

ఈ రోజు సంగతి సక్రమంగా చెప్పగలనో లేదో. చెప్తాను.

గాలి ముందే లేచింది. పొద్దున్నే సైరన్ మోగేసరికి చివరి సందులో మూడిళ్ళు మిగిలిపోయాయి. సొరంగం మూసే ఉన్నా ఎర్రదుమ్ము సన్నగా దిగుతోంది, దీపాల చుట్టూ కనబడుతోంది. నేను నీల చెయ్యి పట్టుకుని, "చాలు, పద రెహానా దగ్గరికి," అన్నాను. ఆ పిల్ల కదల్లేదు. "మూడే అత్తయ్యా," అంది.

నా చీర కొంగు చింపి, తడిపి, ముక్కూ నోరూ కలిపి కట్టాను. రెహానాకి ఫోన్ చేసి, "మేము నీ దగ్గరికి రాలేం, నువ్వే సామాను తీసుకుని చివరి సందుకి వచ్చెయ్," అన్నాను. చేసింది తప్పో ఒప్పో తెలీదు.

మొదటి రెండిళ్ళూ బాగున్నాయి. చివరిది లీలావతి ఇల్లు. ఆమెకి ఇద్దరు పిల్లలు, చంటివాడికి మూడో నెల. వెచ్చగా ఉంటుందని ఉయ్యాల బాయిలర్ పక్కనే కట్టింది. నీల గుడ్డ విప్పి, తిరిగి, తూర్పు పక్క నిలబడింది. చాలాసేపు నిలబడింది. "తెలియట్లేదు," అంది. ఆ మాట తన నోట ఎప్పుడూ వినలేదు. నాలుగు రోజులుగా వాడి వాడి ముక్కు అలిసిపోయింది. మీదుమిక్కిలి దుమ్ము.

ఈలోపు రెహానా వచ్చి సామాను పరిచింది. ఇరుగుపొరుగు కూడా వచ్చారు, ఊరికే రాలేదు. ఈ పిల్ల ముక్కుకి ఇదే ఆఖరు పూట అని తెలిసి, తలొకటీ తెచ్చారు. ఒకరు భూమ్మీంచి తెచ్చుకున్న గంధపుచెక్క, ఒకరు అగరొత్తుల కట్ట, ఒకరు కర్పూరం. వాసన తెలియకపోయినా పెట్టెల అడుగున దాచుకున్నవి అవి. లీలావతి అయితే చంటివాణ్ణి చేతుల మీద పెట్టుకుని ముందుకొచ్చింది. "పసిపిల్లల మాడు మీద వాసన బాగుంటుందని మా అమ్మమ్మ అనేది. చూడమ్మా," అంది.

నీల ఆ పిల్లాడి వైపు చూసింది. ఆశగానే చూసింది. నేను దగ్గరే ఉన్నాను కదా, తెలుస్తుంది.

"ఇప్పుడొద్దక్కా. ఇంకో వాసన తగిలితే మళ్ళీ దీన్ని పట్టుకోలేను," అంది. మోచేతి మడతలో ముక్కు దాచుకుని కూర్చుంది. రెహానా, "అమ్మాయ్, దుమ్ము పెరుగుతోంది, ఇంక ఆగలేను," అంది. నీల వేలు ఎత్తి ఆగమంది. లేచింది. తూర్పు పక్కకి వంగింది. ఒక చిన్న ఊపిరి, ఇంకొకటి, ఇంకొకటి.

"ఉంది. చాలా సన్నగా ఉంది, లోపలికి ఉంది. వీళ్ళని ఇక్కడ ఉంచొద్దు," అని చెప్పి, తిన్నగా వెళ్ళి రెహానా ముందు కూర్చుని తలెత్తింది. "వేసేయండి డాక్టరమ్మా."

"ఒక్కసారి ఆ పిల్లాణ్ణి..." అన్నాను నేను. నేనే అన్నాను, ఇన్నాళ్ళూ తొందరపెట్టినదాన్ని. రెహానా దీపం చుట్టూ తిరుగుతున్న ఎర్రదుమ్ము చూపించి తల అడ్డంగా ఊపింది. పని రెండు నిమిషాల్లో అయిపోయింది. నీల నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా పట్టుకుంది. గంధపుచెక్క తెచ్చినావిడ దాన్ని అలాగే చేతిలో పట్టుకుని ఏడ్చింది.

మంగళవారం

వేడి సరిపోయింది, నీళ్ళొచ్చాయి, గంట మోగలేదు. ఇంట్లో చోటు మాత్రం సరిపోలేదు.

లీలావతి వాళ్ళని గాలికాలం అయ్యేదాకా మా ఇంట్లోనే ఉండమన్నాను. ఆ ఇంట్లో నీళ్ళు తోడేసి కామేశం నిన్న మూత విప్పాడు. లోపల మెలిక తిరిగినచోట వైరు సగం కాలిపోయి ఉందట. ఉయ్యాల కట్టిన వైపే. ఆ మాట చెప్పడానికి ఫోన్ చేసినవాడు పూర్తిగా చెప్పలేకపోయాడు. నేను ఫోన్ పెట్టేసి నీలని గట్టిగా కావలించుకున్నాను. నాకలాంటి అలవాటు లేదు, పిల్ల కంగారుపడింది.

రెండు రోజులుగా ఎలా ఉందే అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అన్నం తింటోంది గానీ రుచి చెప్పడం లేదు. పొద్దున్న కాఫీ గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, ఆగి, దించి తాగింది. నేను చూడనట్టు అటు తిరిగిపోయాను.

ఇందాక లీలావతి స్నానానికి వెళ్తూ చంటివాణ్ణి నీల ఒళ్ళో పెట్టి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర కూర్చుని చూస్తున్నాను. పిల్ల వాడి తల మీదికి వంగింది. ఆ మెత్తటి జుట్టులో ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని, తనకి అలవాటైనట్టే చిన్న ఊపిరి పీల్చింది. ఇంకొకటి పీల్చింది. నా ప్రాణం విలవిల్లాడింది. ఏం దొరుకుతుంది తల్లీ నీకక్కడ అని అరవాలనిపించింది.

తలెత్తి నన్ను చూసింది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"వెచ్చగా ఉన్నాడత్తయ్యా," అంది.